నీళ్ళు ఎవురింట్లో తాగినావప్పా?

"మూడు నిమిషాలైంది. పొడిగించమంటారా?"

నా ఉద్యోగ జీవితాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే ఈ ముక్కే చెబుతాను. టెలిఫోను శాఖలో ట్రంకు ఆపరేటరుగా చేరిన రోజు నుంచి ఆ బోర్డులన్నీ ఊడదీసి గోడౌనులో పడేసిన రోజు దాకా, ఊరూపేరూ తెలియని వాళ్ళ మాటల మధ్యలో దూరి ఇదే అడుగుతూ బతికాను. అవతల పిల్ల పుట్టిందని చెబుతున్నా సరే, పెళ్ళి కుదిరిందని చెబుతున్నా సరే, మనిషి పోయాడని ఏడుస్తున్నా సరే, నాది ఒకటే ప్రశ్న. ట్రంకు కాలుకు మూడు నిమిషాల లెక్కన బిల్లు మరి. నేను ఎవరితోనైనా గడపలో నిలబడి కబుర్లలో పడితే మా ఇంటాయన లోపలి నుంచి, "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?" అని కేకేసేవాడు. ఇప్పటికీ వేస్తాడు. ఆయనకు ఆ ఒక్క హాస్యమే వచ్చు.

ఈ మధ్య మా పక్కింటి కోడలు ఫోనులో ఎవడో బ్యాంకు వాణ్ణని చెప్పి వాళ్ళ మామగారిని ముంచబోయాడని చెబుతూ, "మీ కాలంలో ఇట్లాంటివి లేవు కదా ఆంటీ" అంది. ఎందుకు లేవు తల్లీ. సెల్లు ఫోను చేతికొచ్చిన నాలుగు రోజులకే ఇవీ వెంట వచ్చాయి. అప్పుడు ఓటీపీలు లేవు, వీడియోలు లేవు, ఏ హంగూ లేదు. గొంతొక్కటి చాలు. ఆ రోజుల్లో మేము ముసలివాళ్ళకు ఏదో నేర్పాలని బయలుదేరి, నేర్పలేక నవ్వులపాలై, చివరికి ఒక ముసలాయన దగ్గర మేమే నేర్చుకున్న సంగతి ఒకటుంది. మీలాంటి చిన్న వయసు వాళ్ళు చదువుతారని అదే రాస్తున్నాను.

ట్రంకు బోర్డులు పోయాక నన్ను ఆదోనికి వేశారు. బిల్లులు కట్టించుకోవడం, కొత్త కనెక్షన్లకు దరఖాస్తులు తీసుకోవడం, తర్వాత తర్వాత సిమ్ములూ రీచార్జి కార్డులూ అమ్మడం నా పని. ఆఫీసులో నాకు రోజూ తగిలేవాళ్ళు ఇద్దరు. ఒకరు మా ఆఫీసరు. కడప మనిషి. ఏది అడిగినా "రూలు ప్రకారం" అని మొదలుపెడితే తప్ప ఆయనకు మాట వచ్చేది కాదు. మాది ఒంటిమిట్ట దగ్గర పల్లె కాబట్టి సొంత జిల్లా మనిషిని కదా, కాస్త చూసీచూడనట్టు పోతాడేమో అనుకున్నాను. అబ్బే. ఆఫీసు ఫోనుకు దూరపు కాల్సు పోకుండా తాళం పెట్టి ఆ నంబరు ఆయనొక్కడే గుర్తుపెట్టుకున్నాడు. రెండో మనిషి మా లైన్‌మన్. అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్ళం. ఊళ్ళో ఆయన ఎక్కని స్తంభం లేదు, టీ తాగని ఇల్లు లేదు. నోరు మాత్రం చెడ్డది. నేను బిల్లుల లెక్క తప్పితే, "మేడం, మీరు ట్రంకు బోర్డులోనే బాగుంటిరి. ఆడ మూడు దాకా లెక్కొస్తే చాలు" అనేవాడు.

పల్లెల్లో ఫోన్లు ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలో, ఊరూరా మేళా పెట్టి దరఖాస్తులు తీసుకురమ్మని మమ్మల్ని పంపేవాళ్ళు. అట్లా ఒకసారి భాయ్, నేను ఆఫీసు జీపులో ఆలూరు తట్టు ఒక పల్లెకు పోయాం. ఎర్రటి ఎండ. ఊరి బయట ఒక చిన్న చర్చి, రేకుల కప్పు. ఆ సంఘపు పెద్ద ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. నాలుగెకరాల వేరుశనగ చేను చేసుకునే మనిషి. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు, గంభీరమైన ముఖం. నేను ఫారం తీసి పేరు అడగబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు మ్మా. యా ఊరు మీది?"

"కడప జిల్లా పెద్దయ్యా. ఒంటిమిట్ట దగ్గర."

"కడప తట్టనా. ఈడికెట్ల వచ్చినావు? మీ నాయన ఏం చేస్తాండె? మీ ఇంటాయన యాడ పని చేస్తాండాడు? వాగు దావన వచ్చినారా, రైలు గేటు దావన వచ్చినారా?"

అడిగిన ప్రశ్న మళ్ళీ అడగకుండా అంతసేపు ఎవరినైనా ప్రశ్నించవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. మా పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు. నాకు చిరాకు ముంచుకొస్తోంది, భాయ్ మీసం చాటున నవ్వుతున్నాడు. ఇంతలో లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది.

"ముందు నీళ్ళియ్యనీ. ఆయమ్మకు నోరెండకపోయింటాదా?" అని ఆయన్ని కసిరి, నా చేతికి చెంబు ఇచ్చింది. ఇంకో చేతిలో బెల్లం ముక్క పెట్టింది. "మా ఊరి నీళ్ళు ఉప్పు మ్మా. బెల్లం కొరుక్కోని తాగు, తెలీదు" అంది.

నిజంగానే ఉప్పు. బెల్లంతో తాగితే ప్రాణం లేచి వచ్చింది. తాగాక ఆయన ముఖం మారిపోయింది. నవ్వి, సంతకం పెట్టి, తాను పెట్టడమే కాక ఇంకో నలుగురితో పెట్టించాడు. వచ్చేటప్పుడు జీపులో భాయ్ నాకు సంగతి విడమర్చి చెప్పాడు.

"ఈ పక్క అంతే మేడం. బయట మనిషి ఊర్లోకొస్తే ఎవురో ఒకరు నీళ్ళు ఇయ్యాల్సిందే. ఫలానాయప్ప వచ్చిపోయినాడంట అని అనుకో, ఎవురింట్లో నీళ్ళు తాగినాడని అడుగుతారు. యా ఇంట్లోనూ తాగలేదంటే ఆయప్ప రానట్లే లెక్క."

తర్వాత అయిదారేళ్ళకు సెల్లు ఫోన్లు అందరికీ అందే ధరకు దిగివచ్చాయి. పట్నంలో పని చేసే పిల్లలు పాత సెట్లు తెచ్చి తల్లిదండ్రుల చేతుల్లో పెట్టారు. అప్పటి నుంచి నా కౌంటరు ముందు ముసలివాళ్ళ వరస మొదలైంది. ఒకాయన ఫోను ముందుకు చాపి, ఇంగ్లీషులో ఏదో వచ్చింది చదవమంటాడు. చూస్తే విదేశాల్లో లాటరీ తగిలిందని. ఇంకొకామె తన పేరు పెట్టి పిలిచి బహుమతి వచ్చిందన్నారని, పార్సిలు ఖర్చులు పంపమన్నారని చెబుతుంది. అన్నిటికంటే ఎక్కువగా టవర్లు. మీ చేలో సెల్లు టవరు నిలబెడతాం, నెలనెలా అద్దె ఇస్తాం, ఇంట్లో ఒకరికి కాపలా ఉద్యోగం ఇస్తాం, ముందుగా కాస్త డిపాజిట్టు కట్టండి, పని మొదలవగానే తిరిగి ఇచ్చేస్తాం అని. వాన రాని, పంట లేని చేలకు అద్దె వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు? చాలామంది కట్టేసిన తర్వాతే నా దగ్గరకు వచ్చేవాళ్ళు. టవరు ఎప్పుడు తెస్తారమ్మా మీవాళ్ళు అని అడిగేవాళ్ళు. మావాళ్ళు కాదు మొర్రో అంటే నమ్మేవాళ్ళు కాదు. ఫోనంటే టెలిఫోను ఆఫీసే కదా అనేవాళ్ళు.

చూస్తూ ఊరుకోలేకపోయాను. ఆఫీసరు గారి వెంటపడి గోడ మీద నోటీసు పెట్టించాను. 'మోసపూరిత సందేశాలకు స్పందించరాదు' అని పెద్ద అక్షరాలతో. ఆయనే రాశారు ఆ వాక్యం, శానా బాగా కుదిరిందని మురిసిపోయారు. దాని కిందే నిలబడి ఒక పెద్దమనిషి టవరు డిపాజిట్టు ఏ బ్యాంకులో కట్టాలని నన్ను అడిగాడు.

ఇట్లా కాదని, కోమట్ల సత్రంలో పెద్దవాళ్ళకోసం ఒక సభ పెట్టించాను. బజారులో కొట్లు నడిపి కొడుకులకు అప్పజెప్పిన షావుకార్లు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, రిటైరయిన పంతుళ్ళు, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు కూడా వచ్చారు. బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెడతామని భాయ్ ముందే చాటింపు వేశాడు. నేను మైకు పట్టుకుని గొంతు చించుకున్నాను. ఎవరినీ నమ్మకండి, డబ్బు కట్టకండి, అంతా మోసం అన్నాను. అందరూ బుద్ధిగా తలలూపారు. ముందు వరసలో ఒక షావుకారమ్మ కూర్చుంది. భర్త పోయాక కిరాణా కొట్టును ఒంటిచేత్తో నడిపిన మనిషి. బెండకాయ విరిచి చూడకుండా కొనదు, కొట్లోకి వచ్చినవాణ్ణి పైనుంచి కిందిదాకా చూడకుండా మాట్లాడదు. అట్లాంటామె కూడా పార్సిలు పేరుతో మోసపోయింది. ఉండబట్టలేక అడిగేశాను.

"మీరు కూడా ఏందమ్మా? ఎవడు నువ్వు, యాడినుంచి మాట్లాడుతున్నావు అని ఒక్క మాట అడగబుద్ధి కాలేదా?"

"ఏమో మ్మా" అంది నవ్వి. "ఫోను గదా."

ఫోనైతే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఉగ్గాని మాత్రం చాలా బాగుందని అందరూ మెచ్చుకుని వెళ్ళారు. ఆ వారంలోనే సభకు వచ్చినవాళ్ళలో ఇద్దరు కొత్తగా డిపాజిట్లు కట్టారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఎండాకాలం ముదిరిన ఒక పొద్దున, ఆఫీసు తెరిచీ తెరవకముందే ఆలూరు తట్టు పల్లె సంఘ పెద్ద వచ్చాడు. చూసి చాలా కాలమైంది. మనిషి చిక్కిపోయాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చంకలో గుడ్డసంచి. ఆ సంచిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, కూర్చోమంటే కూడా దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాకే కూర్చున్నాడు. అమ్మ బాగుందా అని అడిగాను. పోయి ఏడాది దాటిందని చెప్పాడు. నాకు ఆ బెల్లం ముక్క గుర్తొచ్చింది.

"మా, బొంబాయికి బిల్లు తక్కువయ్యే కార్డేదన్నా ఉంటే ఇయ్యి" అన్నాడు.

"బొంబాయిలో ఎవరున్నారు పెద్దయ్యా?"

"కంపెనీ ఆయప్ప. పాపం, రోజూ ఆయప్పే చేస్తాండాడు. ఎన్ని దినాలని ఆయప్ప దుడ్లు ఖర్చు పెట్టిస్తాం? మనకూ మర్యాద ఉండాల గదా. ఈ పొద్దు నేనే చేద్దామని."

అడగ్గా అడగ్గా అంతా చెప్పాడు. చర్చి వెనక సంఘానికి ఖాళీ జాగా ఉంది. అందులో టవరు పెడతారట. అద్దె సంఘానికే వస్తుంది. డిపాజిట్టు ఈ మధ్యాహ్నం లోపల బ్యాంకులో కట్టకపోతే వేరే ఊరికి ఇచ్చేస్తామన్నారట. ఆ సంచిలో ఉన్నది చర్చికి రేకులు తీసేసి మిద్దె వేయడానికి కూడబెట్టిన డబ్బు.

ఆ డబ్బు ఎట్లా కూడిందో మీకు చెప్పాలి. ఆ సంఘంలో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసుకున్న ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన కుండలో వేస్తారు. ఆదివారం ఆ గుప్పెళ్ళన్నీ చర్చికి తెస్తారు. వాటిని అమ్మితే వచ్చిందే సంఘం సొమ్ము. కరువు ఏళ్ళలో కూడా, ఇంట్లో సంగటి ముద్దలు చిన్నవైనా సరే, ఆ గుప్పెడు ఆగలేదు. మిద్దె కోసం ఈ పద్ధతి మొదలుపెట్టింది ఆయన భార్యే.

"పెద్దయ్యా, అది మోసం. వాళ్ళు దొంగలు" అన్నాను.

"అట్లనాకు మ్మా. మంచోడు. వందనాలు అయ్యగారూ అని చెప్పకుండా మాట మొదలుపెట్టడు. మా ఆడామె పోయిందంటే శానా బాధపడినాడు."

"ఎవడో ఏమిటో అడిగారా? ఏ ఊరు, ఎవరి పిల్లోడు, ఆఫీసు ఎక్కడ, ఏమన్నా అడిగారా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"యాడ అడిగేది మ్మా. అంత దూరం నుంచి చేస్తాండాడు. నేను ఊరూ పేరూ అడుక్కుంటా కూకుంటే ఆయప్పకు బిల్లు తిరగదా? అడిగిందానికి బిరబిరా చెప్పి పెట్టేస్తాండా."

మీకు ఇప్పుడు ఇది అర్థం కాకపోవచ్చు. ఆ తరం వాళ్ళు ఫోనులో ఎట్లా మాట్లాడేవాళ్ళో మీరు వినలేదు. బాగుండావా, బాగుండాం, పిల్లోల్లు బాగుండారా, సరే పెట్టేయ్, బిల్లయితాది. అంతే. ఎస్టీడీ బూత్‌లో బిల్లు చూపే ఎర్ర అంకెలు తిరుగుతుంటే ఊపిరి బిగబట్టి మాట్లాడిన మనుషులు. చేసినవాడి డబ్బు కరిగిపోతుంటే ఆరాలు తీయడం వాళ్ళ దృష్టిలో అమర్యాద. షావుకారమ్మ "ఫోను గదా" అన్నది కూడా ఇందుకే. నోరు తెరిస్తే మూడు నిమిషాలైందని మధ్యలో దూరి వాళ్ళకు ఆ తొందర నేర్పింది ఎవరు? నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, రెండూ ఒకేసారి.

నన్ను మేళా రోజున గడపలో నిలబెట్టి ప్రాణం తీసిన మనిషి, ముఖం కూడా చూడని వాడికి సంఘం సొమ్ము కట్టబోతున్నాడు. ఇంక నా మాటలతో పని జరగదని అర్థమైంది.

"పెద్దయ్యా, కార్డెందుకు? మా ఆఫీసు ఫోను నుంచి చేయండి. బిల్లు మాది. ఎంతసేపైనా మాట్లాడండి. అతను ఫోనులో కాదు, మీ ఇంటి గడపలో నిలబడ్డాడనుకోండి. మీ ఊరికి మేము వచ్చినప్పుడు మమ్మల్ని ఎట్లా అడిగారో అట్లా అడగండి. అడిగాక కూడా కట్టబుద్ధయితే నేనే మీ వెంట బ్యాంకుకు వస్తాను."

"బిల్లు కాదంటావా?"

"కాదంటాను."

ఆయన ముఖం వెలిగింది. "అట్లయితే మంచిదే మ్మా. ఆయప్పను ఒక దినం నిదానంగా పలకరించాలని నాకూ ఉండాది" అన్నాడు.

తాళం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసరు గారి గదిలోకి పోయి విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రూలు ప్రకారం ఈ ఫోను వినియోగదారుల సేవకు మాత్రమే" అన్నారు. నేను రుసరుసలాడుతూ వెనక్కి తిరగబోయాను. "ఆయన మన వినియోగదారుడే కదా మేడమ్, ఎందుకంత కోపం" అంటూ తానే లేచి వచ్చి, మాకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి తాళం నంబరు నొక్కి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. భాయ్ వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. నేను స్పీకరు మీట నొక్కాను.

"వందనాలు అయ్యగారూ" అంది అవతలి గొంతు. తేనెలాంటి గొంతు. "బ్యాంకుకు వెళ్ళారా?"

"పోతాండా నాయనా. సంచి చేతిలోనే ఉండాది. పోయేముందు నీతో నాలుగు మాటలు మాట్లాడదామని. బిల్లు నీది కాదులే, తొందరపడాకు. యా ఊరప్పా మీది?"

సంచి చేతిలో ఉందన్నాక వాడు ఫోను పెట్టేస్తాడా? "బొంబాయండి" అన్నాడు.

"అది ఉద్యోగానికి. నాయనోల్లది యా ఊరు?"

"గుంటూరు దగ్గరండి."

"గుంటూరు తట్టు మా చెల్లెలి కొడుకు పాస్టరుగా ఉండాడు. మీది యా సంఘం?"

"పెద్ద చర్చేనండి."

"పెద్ద చర్చి. బాగుండాది." పెద్దాయన కుర్చీలో వెనక్కి జారి కూర్చున్నాడు. ఆయనకు ఇంకా ఏ అనుమానమూ లేదు. చాలా రోజుల తర్వాత మనసారా ఒక మనిషిని పలకరిస్తున్న సంతోషం, అంతే. "మా జాగా బాగుండాదని చెప్పినావే. ఎవురొచ్చి చూసినారు?"

"నేనే వచ్చానండి, ఇంజనీరుగారితో. కారులో."

"నువ్వే వచ్చినావా? మాకు చెప్పకపోతివే. వాగు దావనా, గేటు దావనా?"

"గేటు దారేనండి. అయ్యగారూ, బ్యాంకు మూసేస్తారేమో..."

"ఇంకా పొద్దుండాది లేప్పా. గేటు దావన ఒక్క చెట్టు గూడా ల్యాకపాయె. ఎండలో వచ్చినావు, పాపం. నీళ్ళు ఎవురింట్లో తాగినావప్పా?"

అవతలివాడు ఒక్క క్షణం తడుముకున్నాడు. ఇది ఏ రకం ప్రశ్నో వాడికి తెలియలేదు. "పక్కింట్లో ఇచ్చారండి" అన్నాడు. "చర్చి పక్కింట్లో. చాలా మంచివాళ్ళు."

భాయ్ నా వైపు చూశాడు. ఆఫీసరు గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పెద్దాయన మెల్లగా నిటారుగా కూర్చుని, సంచిని రెండు చేతులతోనూ పట్టుకుని, ఫోను వైపు వంగాడు.

"మా చర్చికి పక్కిల్లు లేదు నాయనా. ఒక పక్క దావ. ఇంకో పక్క సమాధుల దొడ్డి. మా ఆడామె ఆడే ఉండాది. ఆమె ఇచ్చిందా నీకు నీళ్ళు?"

ఫోను కట్టయిపోయింది. ఆ టూ టూ శబ్దం ఆయన కాసేపు విన్నాడు.

"పెట్టేసినాడు మ్మా" అన్నాడు. "బిల్లు నీది కాదని చెప్పినా గూడా."

భాయ్ గట్టిగా నవ్వబోయి ఆపుకున్నాడు. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. సంచి మీద చెయ్యి ఆడిస్తూ, "పొయ్యి కాడ ఆడోల్లు గుప్పెడు గుప్పెడు తీసి పెట్టింది మ్మా ఇది. ఇంకొక గడియైతే యాడ మొహం పెట్టుకోని చర్చిలో నిలబడిందును? నా గడప కాడికొచ్చింటే ఎవురో తెలుసుకోకుండా నేను మాట్లాడిందునా? ఫోనులో వచ్చేతలికి నా బుద్ధి యాడికి పాయె?" అన్నాడు.

"బుద్ధి యాడికీ పోలేదు పెద్దయ్యా. బిల్లు అడ్డమొచ్చింది" అన్నాను.

ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు. రూలు ఏదో చెబుతారనుకున్నాను. "అది మన శాఖ నేర్పిన మర్యాదే కదా మేడమ్" అన్నారు. ఆయన నోట రూలు లేని మాట నేను విన్నది అదొక్కటే. తర్వాత టీ తెప్పించారు. నేను కౌంటరు మూసేసి, భాయ్‌తో కలిసి పెద్దాయన వెంట బ్యాంకుకు నడిచి, ఆ సొమ్మును సంఘం పేరుతోనే జమ చేయించి వచ్చాను. వాడి నంబరు పోలీసు స్టేషనులో ఇచ్చాం. రాసుకున్నారు. ఆ తర్వాత ఆ నంబరు మళ్ళీ పలకలేదు, వాడు దొరకనూ లేదు. అందులో చెప్పుకోవడానికేం లేదు.

ఆ మరుసటి సభకు నేను మైకు పట్టుకోలేదు. ఎవరినీ నమ్మకండి అని ఒక్క మాట కూడా అనలేదు. ఎవరినైనా నమ్మడమే అలవాటైన మనుషులకు నమ్మొద్దని చెబితే ఎక్కుతుందా? "మీకు వచ్చిన ఫోనుకు మీకు బిల్లు లేదు. చేసినవాడి బిల్లు వాడి కర్మ. గడపలో అడిగేవన్నీ అడగండి" అన్నాను. సంఘ పెద్ద తన సంగతి తానే లేచి చెప్పాడు. తర్వాత భాయ్‌ని పక్క గదిలో కూర్చోబెట్టి కంపెనీవాడి వేషం కట్టించాం. అక్కడి నుంచి ఫోను చేసి ఒక్కొక్కరినీ మోసం చేయాలి. మొదటి ఫోను షావుకారమ్మకు వెళ్ళింది. ఆమె ఊరు అడిగింది, పేరు అడిగింది, పెళ్ళయిందా అంది, మామగారిది ఏ ఊరు అంది, పార్సిలు పంపే కొట్టు బజారులో ఏ వరసలో ఉంది అంది, ఎదురుగా ఉన్న కొట్టు ఎవరిది అంది. కాసేపటికి భాయ్ చెమటలు తుడుచుకుంటూ గదిలోంచి బయటికి వచ్చాడు.

"తౌబా మేడం. ఈమెతో నాకయితే కాదు. ఇంగ కాసేపుంటే నేనే ఆమెకు దుడ్లు కట్టేటట్ల ఉండాను."

సత్రం పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. ఆదోనిలో మోసాలు ఆగిపోయాయని నేను గొప్పలు చెప్పను. అడగడానికి మొహమాటపడి, సిగ్గుపడి, పోగొట్టుకుని, పిల్లలకు కూడా చెప్పుకోని వాళ్ళు తర్వాతా ఉన్నారు. కానీ నా కౌంటరు ముందు వరస మారింది. కట్టాక వచ్చేవాళ్ళు తగ్గి, వాణ్ణి ఎట్లా ఏడిపించారో చెప్పి మురిసిపోవడానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నాకు ఆ ఉద్యోగం అంత బాగా ఎప్పుడూ అనిపించలేదు.

రిటైరయ్యాక కడపకు వచ్చేశాను. ఫోను నంబరు మారింది. ఒక రోజు భాయ్ ఫోను చేసి, ఆ పల్లె చర్చికి మిద్దె పడిందని, వచ్చే ఆదివారం ప్రతిష్ఠ అని, పెద్దాయన నన్ను తప్పకుండా రమ్మన్నాడని చెప్పాడు. సంతోషం పట్టలేక వెంటనే ఆయనకే ఫోను కలిపాను.

"పెద్దయ్యా, నేను. ఆదోని టెలిఫోను ఆఫీసులో ఉంటినే, ఆమెను."

"ఎవురు మ్మా? ఈ నంబరు నాకు తెలీదే. యా ఊరు?"

"కడప పెద్దయ్యా. ఆఫీసులో మీరూ నేనూ..."

"కడపలో యాడ? మీ ఇంటాయన ఏం చేస్తాండాడు? ఆఫీసులో ఉంటినంటాండావే, ఆ లైన్‌మన్ భాయ్‌కి ఎందరు బిడ్డలు?"

నాకు చర్రున కోపం వచ్చింది. ఇంత చేసిన నన్నే అనుమానిస్తాడా? అంతలో, గడపలో అడిగేవన్నీ అడగమన్నది నేనే కదా అని నాకే నవ్వొచ్చి, ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాను. ఆయన వదల్లేదు.

"మా ఊరికి వచ్చినావా ఎప్పుడన్నా?"

"వచ్చాను పెద్దయ్యా. మేళాకు."

"వస్తే నీళ్ళు ఎవురిచ్చినారు?"

"మీ ఇంటామె" అన్నాను. "చెంబుతో ఇచ్చింది. ఉప్పు నీళ్ళని బెల్లం ముక్క చేతిలో పెట్టింది. ముందు నీళ్ళియ్యనీ అని మిమ్మల్ని కసిరింది."

అవతల మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. ట్రంకు బోర్డు ముందు అన్నేళ్ళు కూర్చున్న దాన్ని, మనిషి అవతల ఉన్నాడో లేడో ఊపిరిని బట్టి చెప్పగలను. ఉన్నాడు.

"అవును మ్మా" అన్నాడు కాసేపటికి. "ఆమె అట్లే ఇస్తాండె. నువ్వేలే. ఇంగ చెప్పు, నిదానంగా చెప్పు. బిల్లయితే కానీ."

ఆయన చర్చి మిద్దె గురించి చెప్పాడు, వానల గురించి చెప్పాడు, ఆమె గురించి చాలాసేపు చెప్పాడు. మా ఇంటాయన లోపలి నుంచి, మూడు నిమిషాలైంది పొడిగించమంటారా అని కేకేశాడు.

పొడిగించమన్నాను.